మొగులు చూసి దిగే మనిషి

నిన్న సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మా ఎదురింటి డాబా మీద ఒకతను టీవీ గొడుగు బిగిస్తున్నాడు. కింద గదిలోంచి ఇంటావిడ బొమ్మ వచ్చింది అంటోంది, పోయింది అంటోంది, జర ఎడమకు అంటోంది. అతను గొడుగును వేలెడంత తిప్పి ఆగుతున్నాడు, మళ్లీ తిప్పుతున్నాడు. వనపర్తిలో ఇప్పుడు ఇది ఏ వీధిలోనైనా కనిపించే పనే. నేను కిటికీ దగ్గర కూర్చుని సప్లిమెంటరీ పేపర్లు దిద్దుతున్నాను. పెన్ను మూసి, అతను పని ముగించి నిచ్చెన దిగేదాకా చూస్తూ ఉండిపోయాను. మా బావ ఉంటే ఏదో ఒక వంకతో ఆ డాబా ఎక్కి, ఆ గొడుగు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు. ఆయన పోయి నాలుగు నెలలైంది.

బావ అంటే మా అక్క భర్త. ధరూర్ దగ్గరి మనిషి. హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో ఉద్యోగం. ఆ ప్రయోగశాల వాళ్లు యాంటెనాలను పరీక్షించడానికి బిజినేపల్లి అవతల ఒక చోటు పెట్టుకున్నారు. చోటంటే భవనాలేమీ లేవు. ఎదురెదురుగా రెండు గుట్టలు. ఒక గుట్ట మీద సంకేతాన్ని పంపే కొమ్ములాంటి పరికరం ఉండేది. రెండో గుట్ట మీద కర్రలతో కట్టిన ఎత్తయిన మంచె, దాని మీద తిరిగే పీట. పరీక్షించాల్సిన యాంటెనాను ఆ పీట మీద నిలిపి మెల్లగా ఒక చుట్టు తిప్పేవారు. అది ఏ దిక్కున ఎంత బాగా వింటుందో ఒక పెన్ను గుండ్రటి కాగితం మీద గీసుకుంటూ పోయేది. మంచె ఇనుముతో కట్టకూడదు, ఇనుము సంకేతాన్ని వెనక్కి కొడుతుంది. ఆ కేంద్రాన్ని చూసుకున్నది బావ, ఇద్దరు సహాయకులు.

గుట్టల కింది ఊరివాళ్లు ఆయనను తిప్పే సారు అనేవారు.

ఆయన దేన్నయినా ఒక పక్కనుంచి చూసి మాట్లాడేవాడు కాదు. పెళ్లికి ముందు అక్కను చూడటానికి మా ఇంటికి వచ్చినప్పుడు, కూర్చోమంటే కూర్చోకుండా ఇంటి వెనక్కి వెళ్లి బావిని, బర్రెల కొట్టాన్ని చూసి వచ్చాడు. మా నాన్నకు అది నచ్చలేదు. ఆయన అలవాటే అంత. కొత్త సైకిల్ చుట్టూ తిరిగేవాడు, సంతలో గుమ్మడికాయ చుట్టూ తిరిగేవాడు. యాంటెనా ఎదురుగా ఎట్లా వింటుందో అందరూ చెప్తారని, వెనక సంకేతం ఎంత కారుతుందో కొలవాలని అనేవాడు. ఆయన నోట బాగుంది అనే మాట ఒంటరిగా ఎప్పుడూ వినలేదు. "ఇటు నుంచి బాగున్నది" అనేవాడు. అక్క వండిన పులుసుకు అదే మాట, కొత్త ఎమ్మెల్యేకు అదే మాట. ఒకసారి నేను రాసిన వ్యాసం చదివి కూడా అదే అన్నాడు. ఎటు నుంచి బాగాలేదో చెప్పమంటే, అటు ఇంకా పోలేదన్నాడు.

తన పని చరిత్ర చెప్పడమంటే ఆయనకు ఇష్టం. ఇంకే చరిత్రా పట్టేది కాదు. తొలినాళ్లలో యాంటెనాను పొలంలో నిలబెట్టి, కొలిచే పెట్టెను మోసుకుంటూ మనిషే దాని చుట్టూ తిరిగేవాడట. తర్వాత మనిషి ఒకచోట కూర్చుని యాంటెనాను తిప్పడం నేర్చుకున్నాడు. నేల మీద నుంచి సంకేతం తిరగగొట్టి కొలత పాడుచేస్తుంటే మంచెలు కట్టారు, మంచెలు చాలక గుట్టలు ఎక్కారు. చివరికి గదుల్లోకి పోయారు. ఆ గది గోడలు సంకేతాన్ని మింగేయాలి, వెనక్కి పంపకూడదు. మొదట్లో గుర్రపు వెంట్రుకలను చాపల్లా చేసి, మసి పట్టించి గోడలకు కట్టేవారట. ఈ మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ నవ్వేవాడు. "మనిషి చుట్టు తిరుగుడు బందయింది, ఎండ బందయింది, గాలి బందయింది. ఇగ మొగులు గూడ బందయితది బామ్మర్ది," అనేవాడు. మొగులంటే మా దిక్కు మబ్బు.

ఆ రెండు గుట్టల నడుమ పల్లంలో వాన మీద పండే చెలకలు ఉన్నాయి. ఇబ్బంది అక్కడే. సంకేతం ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు తిన్నగా పోవాలి. పల్లంలో ఎత్తయిన పైరు ఉండి గాలికి ఊగితే, కొంత సంకేతం దానికి తగిలి ఆలస్యంగా వచ్చి చేరుతుంది. కాగితం మీద గీత వణుకుతుంది. భూమి ప్రయోగశాలది కాదు కనుక ఆజ్ఞ వేయడానికి లేదు. బావ ప్రతి వేసవిలో పల్లంలోని రైతుల ఇళ్లకు పోయి, జొన్న వద్దు, ఆముదం వద్దు, కంది వద్దు, పల్లి వేసుకోండి అని అడిగేవాడు. పల్లిని అక్కడ బుడ్డలంటారు. మోకాలెత్తు దాటని పైరు. వాళ్లు ఎందుకని అడిగేవారు కాదు. సారు ఇల్లు దాటి వచ్చి అడిగాడు కాబట్టి సరే అనేవారు. జొన్న మానుకుంటే ఇంట్లో రొట్టె పిండి కొనుక్కోవాలి, బర్రెలకు చొప్ప ఉండదు. ఇది బావకు తెలుసు. ఆ రోజుల్లో ఇంటికొచ్చి అన్నం సరిగా తినేవాడు కాదని అక్క చెప్పేది.

పల్లంలో ఎక్కువ భాగం ఉసేనమ్మ కౌలుకు చేసేది. అప్పటికే అరవై దాటిన మనిషి. భర్త లేడు, కొడుకు చెన్నయ్య, కోడలు, ఒక పసి మనవరాలు. వానలు సరిగా ఉంటే నలుగురూ చెలకలో ఉండేవారు. లేకపోతే చెన్నయ్య, కోడలు పూనా బస్సు ఎక్కేవారు. అక్కడ మట్టి పని. ఒకసారి పోతే మళ్లీ ఎప్పుడు వచ్చేదీ మేస్త్రీ చేతిలో ఉండేది.

మా జిల్లాలో కరువు నడిచిన ఏళ్లవి. ఒక ఏడు మృగశిర పోయి ఆరుద్ర కార్తె వచ్చినా విత్తనం పడేంత తడి లేదు. కాలేజీకి సెలవు ఉండి నేను ఆ రోజు అక్క కట్టిన సద్ది తీసుకుని గుట్ట మీదికి పోయాను. పీట తిరుగుతోంది. కాసేపటికి ఊరివాళ్లు కొందరు గుట్ట ఎక్కి వచ్చారు. ముందు ఉసేనమ్మ. ఆమె రొప్పు తగ్గేదాకా అందరూ ఆగారు. బావ మంచినీళ్లు ఇచ్చాడు. తాగి, చెంబు కింద పెట్టి, మంచె వైపు చూసింది.

"సారు, దాన్ని జర ఆపు," అన్నది.

ఎందుకని బావ అడిగాడు.

"అది తిరుగుతుంటే మొగులు నిలుస్తలేదు. తరుముతున్నది."

బావ చాలాసేపు చెప్పాడు. ఇది గాలి పుట్టించేది కాదని, వినేది మాత్రమేనని, అవతలి గుట్ట నుంచి వచ్చే సంకేతానికి టార్చిలైటు బల్బుకున్నంత బలం కూడా లేదని. వాళ్లు మర్యాదగా విన్నారు. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు. అంతా అయ్యాక ఉసేనమ్మ అన్నది: "గవన్ని నాకు తెల్వదు. ఒక్క మాట చెప్పు సారు. ఇది తిరిగేటప్పుడు ఎన్నడన్న వాన పడ్డదా?"

బావ మంచె వైపు చూశాడు. పడలేదు. ఒక్కసారి కూడా పడలేదు. పడదు కూడా. మబ్బు పడితే కర్రమంచె తడుస్తుందని, గుట్ట మీద పిడుగు భయమని ముందే యంత్రం ఆపి, యాంటెనా దించి, టార్పాలిన్ కప్పి ఆయన కిందికి వచ్చేవాడు. ఆ తర్వాత వాన పడేది. ఎండ కాస్తే మళ్లీ ఎక్కి తిప్పేవాడు. ఏళ్ల తరబడి ఊరంతా కింది నుంచి చూసింది ఇదే. తిరిగితే వాన లేదు. ఆగితే వాన.

"మొగులు చూసి నేను దిగుతనవ్వా," అన్నాడు బావ. "నేను దిగితే మొగులు వచ్చుడు కాదు."

"నువ్వు పైనుంచి చూస్తవు, నీకట్ల కనబడ్తది. మేం కిందినుంచి చూస్తం, మాకు గిట్లనే కనబడ్తది."

ఇటు నుంచి, అటు నుంచి అని జీవితమంతా బావ అన్న మాటే అది.

వచ్చినవాళ్లలో సాయిలు అనే రైతు ఇంకో ఉపాయం చెప్పాడు. అది మబ్బులను తరిమేదే అయితే, గుట్ట ఆ పక్కకు పోయి అక్కడి నుంచి తరిమితే అన్నీ ఇటే వస్తాయి కదా అన్నాడు. నవ్వులాటకు అనలేదు. ఉసేనమ్మ అతని వైపు తిరిగి, "నీ తెలివి సల్లగుండ. ఆ పక్కోళ్లకు కడుపులు లెవ్వా?" అన్నది. తర్వాత బావతో మెల్లగా అన్నది: "జొన్న వద్దంటివి, మానుకుంటిమి. ఆముదం వద్దంటివి, మానుకుంటిమి. మేం ఎందుకని అడిగినమా సారు?"

బావ లేచి వెళ్లి యంత్రం ఆపేశాడు.

వాళ్లు దిగిపోయాక సద్ది విప్పలేదు. మంచె నీడలో కూర్చుని, ఇప్పుడు రెండే జరుగుతాయని నాతో అన్నాడు. వాన రాకపోతే చెన్నయ్య పూనా పోతాడు, కానీ తప్పు యంత్రానిది కాదని ఊరికి తెలుస్తుంది. వాన వస్తే చెన్నయ్య ఉంటాడు, కానీ ఇక ఎవరికీ ఎప్పుడూ ఏమీ చెప్పలేం. తనకు ఏది కావాలో అడిగితే, వానే కావాలన్నాడు. ఆ మాట అన్నాక ముఖం తుడుచుకున్నాడు.

ఆ వారంలోనే వాన వచ్చింది. మామూలు వాన కాదు, చెలకల గట్లు తెగేంత వాన. బావ వనపర్తిలో ఇంటి గడపలో నిలబడి చూస్తూ, అయిపోయింది అన్నాడు. అక్క దాన్ని సంతోషం అనుకుంది. అవును, మంచిగైంది అన్నది. చెన్నయ్య మూట విప్పాడు. ఉసేనమ్మ చెలకలో బుడ్డలు పడ్డాయి.

మరుసటి ఏడు మృగశిర రాకముందే వాళ్లు మళ్లీ గుట్ట ఎక్కారు. ఈసారి కొబ్బరికాయ తెచ్చారు. ఎక్కడ కొట్టాలని అడిగారు. బావ కొట్టనివ్వలేదు, యంత్రం మాత్రం ఆపాడు. అప్పటి నుంచి అది ఆనవాయితీ అయింది. రోహిణి చివర్లో ఊరు గుట్ట ఎక్కేది, విత్తనాలు పడేదాకా పీట తిరిగేది కాదు. కబురు పాకి తిమ్మాజిపేట దిక్కు నుంచి కూడా జనం వచ్చి, మా ఊరి దిక్కు మొహం పెట్టి తిప్పకని అడిగి పోయేవారు. ఒక ఏడు ఆపినా వాన రాలేదు. బావ లోపల ఎక్కడో తేలికపడ్డాడు, ఇప్పటికైనా అర్థమవుతుందని. ఊరికి వేరేగా అర్థమైంది. ఇంకెక్కడో ఇంకో సారు తిప్పుతున్నాడని, జర ఆ సారుకు కూడా చెప్పమని అడగడానికి వచ్చారు. ఆ సంగతి మాకు చెప్పి బావ నవ్వాడు. మేమూ నవ్వాం. 

హైదరాబాదు నుంచి పై అధికారి ఫోన్ చేసి, ఆ నెలల్లో పని ఎందుకు సాగడం లేదని అడిగేవాడు. వర్షాకాలం సార్ అనేవాడు బావ. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. అసలు సంగతి చెప్తే ఊరివాళ్లను మూర్ఖులంటారు. లేదా ఊరికి పోలీసును పంపుతారు. రెండూ ఆయనకు ఇష్టం లేదు. వానలో తడిసినా సరే, ఒకసారి మబ్బు పట్టినప్పుడు యంత్రం తిప్పి చూపిస్తే సరిపోతుంది కదా అని నేనొకసారి అన్నాను. ఆ రోజు చుక్క పడకపోతే ఉసేనమ్మ ఇంటి మనుషులను పూనా బస్సు నుంచి నువ్వు దించుతావా అని అడిగాడు. 

కొన్నేళ్లకు నగరంలో ప్రయోగశాల ఆవరణలోనే గది కట్టారు. గుట్టల మీద పని ఆపేసి బావను అక్కడికి మార్చారు. ఆ గది ఎట్లాగూ వచ్చేదే. ఎక్కడ చూసినా కొలతలు గదుల్లోకి పోతున్న కాలం. తాను ప్రతి ఏడాది రెండు నెలలు ఆపకపోతే గుట్టలు ఇంకొంతకాలం ఉండేవేమోనని మాత్రం బావ మనసులో ఉండేది. ఉండేవో లేదో చెప్పగలవాళ్లు ఎవరూ లేరు.

నేను ఒకసారి ఆ గది చూశాను. కిటికీలు లేవు. గోడల నిండా, పైకప్పుకు, నేలకు కూడా నల్లటి నురుగు శంకువులు. మాట్లాడితే మన గొంతు నోటి దగ్గరే ఆగిపోతుంది. బావ పీట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఇక్కడ ఎవరినీ జొన్న వద్దని అడిగే పని లేదన్నాడు, ఏడాది పొడవునా తిప్పవచ్చన్నాడు. గీత వణకదట. అన్నీ చెప్పి, తలుపు తీస్తూ అన్నాడు: "గీడ వాన పడ్డా తెల్వదు బామ్మర్ది."

మేం బయటికి వచ్చాక ఆయన ఆకాశం చూశాడు. ఇప్పుడు ఆయనకు ఆ చూపుతో పని లేదు.

కిందటేడు వానలు మళ్లీ తప్పాయి. సెలవు పెట్టి వనపర్తి వచ్చినప్పుడు, ఉసేనమ్మను చూసి వద్దాం రమ్మన్నాడు. గుట్ట మీద మంచె లేదు. కర్రలు ఎవరో తీసుకుపోయారు, మంచి పనే చేశారన్నాడు. పల్లంలో ఏ పైరూ లేదు, జొన్నా లేదు, బుడ్డలూ లేవు. ఉసేనమ్మ ఇంటి ముందు రెండు మూటలు కట్టి ఉన్నాయి. చెన్నయ్య, కోడలు ఆ మధ్యాహ్నమే బస్సుకు పోవాలి. మనవరాలు బడి మానేసి అవ్వ దగ్గర ఉంటుందన్నారు. ఉసేనమ్మ మాకు మంచం వాల్చి, తను నేల మీద కూర్చుంది.

ఇప్పుడు తిప్పేవాళ్లు కూడా లేరు కదా, అయినా వాన రాలేదని సాయిలు అన్నాడట. ఊళ్లో అందరికీ అదే మాట అయింది. ఆమె ఈ సంగతి చెప్తుంటే బావ తల దించుకుని విన్నాడు. అన్నేళ్లుగా ఆయన ఏ ఒక్కరికీ చెప్పలేకపోయింది ఊరికి చివరకు తెలిసింది. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

"అప్పుడు ఆపుమని అడగనీకి నువ్వన్న ఉంటివి సారు," అన్నది ఉసేనమ్మ. "ఇప్పుడు ఎవరినడగాలె?"

బావ, "వాన వచ్చింది నేను ఆపినందుకు కాదవ్వా. ఎన్నడూ కాదు. నాతోని ఏం కాలె," అన్నాడు. ఆయన చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి.

"నీతోని కాదని నాకు తెల్వక అడిగిననా?" అన్నది ఆమె. "అందరి దగ్గరికి పోయినం సారు. ఎమ్మార్వో దగ్గరికి పోయినం, బోరు బండోని దగ్గరికి పోయినం. అడిగితే కాదనకుంట లేచి పోయి ఆపినోడివి నువ్వొక్కనివే. గంతే."

కోడలు లోపలి నుంచి చాయ్ తెచ్చింది. చక్కెర లేదని, బెల్లం వేశానని చెప్పింది. మేం తాగాం. చెన్నయ్య మూటలు ఎత్తుకున్నాడు. బావ ఒక మూట పట్టుకోబోతే, వద్దు సారు అన్నాడు. రోడ్డు దాకా అందరం నడిచాం. బస్సు వచ్చింది, వాళ్లు ఎక్కారు. మనవరాలు ఏడవలేదు. బస్సు పోయాక కూడా బావ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె తెలిసే అడిగిందని తెలిసి ఉంటే ఆపేవాణ్నా, ఆపకపోయేవాణ్నా అని తిరిగి వచ్చేటప్పుడు నన్ను అడిగాడు. రెండూ ఒకటే కదా అన్నాను. కాదన్నాడు. 

మాఘంలో ఒక పొద్దున స్నానానికి నీళ్లు తోడుకుంటూ కూలబడ్డాడు. దవాఖానకు చేర్చేసరికే పోయాడు. పదో రోజున వచ్చినవాళ్లందరూ మంచి మనిషి అన్నారు. పని మీద ధ్యాస ఉన్న మనిషి అన్నారు. ఇటు నుంచి అవన్నీ నిజమే. అక్క ఎవరి మాటకూ తల ఊపలేదు.

మొన్న బిజినేపల్లి దాకా పని మీద పోయి, ఉసేనమ్మకు బావ పోయిన సంగతి చెప్పి వచ్చాను. ఏం జబ్బని అడిగింది. గుండె అన్నాను. చెన్నయ్య పూనా నుంచి ఇంకా రాలేదు. చెలక దున్ని ఉంది, తడి లేదు. వాకిట్లో ఇద్దరు ముగ్గురు కూర్చుని మృగశిర కూడా పోతోందని మాట్లాడుకుంటున్నారు. ఒకప్పుడు ఈ పాటికి ఊరు గుట్ట మీద ఉండేది. ఇప్పుడు ఆ గుట్ట ఎవరూ ఎక్కరు. వాన కోసం ఎవరినీ ఏదీ ఆపమని అడగరు.